కూజా టోపీలో టిక్కెట్టు

ఆ శనివారం పొద్దున, మా ఊరి కోఆపరేటివ్ స్టోరు వెనక, ఒక టీ కూజా టోపీ లోపల జరిగినది న్యాయమా, మోసమా? ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. మురియెల్ షోరాక్‌ను అడిగితే తేలేదేమో. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, ఆ మాట ఎత్తితే చాలు, ఆమె నా మొహం మీద కిటికీ మూసేసేది.

కిటికీలు మూయడం ఆమెకు బాగా అలవాటు. బ్రాకెన్‌షా ఈతకొలను దగ్గర టిక్కెట్లిచ్చే కిటికీ ఆమెది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి దిగిపోయిన రోజు దాకా అదే కిటికీ, అదే కుర్చీ. లైనులో ముందున్నవాడికి ముందు, వెనకున్నవాడికి వెనక. ఒకసారి మేయరుగారి భార్య వచ్చి "నేనెవరో తెలుసా?" అని అడిగింది. "తెలియకేమమ్మా, అదిగో ఆ ఎర్ర తువ్వాలు పిల్ల వెనక నిలబడాల్సిన ఆవిడ" అంది మురియెల్. పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు "శనివారాలు ఖాళీ లేవు" అని చెప్పేది.

శనివారాలన్నీ బ్రాకెన్‌షా టౌన్ ఫుట్‌బాల్ జట్టువి. సొంత మైదానంలో మ్యాచ్ చూడడాన్ని ఆమె లెక్కలోకి తీసుకునేది కాదు. అది మంచం దిగి వంటింట్లోకి వెళ్ళడం లాంటిదని ఆమె అభిప్రాయం. భక్తి ఏపాటిదో పరాయి ఊళ్ళో తెలుస్తుంది. అక్కడి క్లబ్బువాళ్ళు గాలి సూటిగా వచ్చి కొట్టే మూల ఒకటి వెతికి, అతిథులకని కాసిని సీట్లు కేటాయిస్తారు. వాన కూడా ముందు ఆ మూలకే వస్తుంది. ఆ సీట్ల కోసం మనుషులు పోట్లాడుకుంటారంటే బయటివాళ్ళు నమ్మరు. నాకూ మొదట్లో అర్థం కాలేదు. కొన్నాళ్ళకు అర్థం చేసుకోవడం మానేసి బస్సెక్కాను.

అభిమానుల బస్సులు మూడు. మొదటి బస్సులో తాగేవాళ్ళు, రెండో బస్సులో పాడేవాళ్ళు, మూడో బస్సులో మోకాళ్ళ నొప్పులవాళ్ళం. నేను కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి కనక నాకు "ప్రొఫెసరు" అని పేరు పెట్టారు. నేను పనిచేసింది గ్రంథాలయంలో. ఆ తేడా వివరించే ఓపిక లేక పలికేవాణ్ణి.

మా మూడో బస్సుకు ఒక ఆచారం ఉండేది. పాత మైదానాల్లో పైకప్పును మోసే ఇనుప స్తంభాలుంటాయి. వచ్చిన టిక్కెట్లలో ఏదో ఒకటి స్తంభం వెనక పడి తీరుతుంది. అది ఎవరికి దక్కితే వాళ్ళు గంటన్నర సేపు స్తంభాన్ని చూసి రావాలి. అందుకని, బస్సు ఊరు దాటగానే అందరి టిక్కెట్లూ మురియెల్ తన టీ కూజా టోపీలో వేసేది. కూజా చల్లారకుండా తొడిగే ఉన్ని టోపీ అది. జట్టు రంగుల్లో, ఎరుపు తెలుపు చారలతో తనే అల్లింది. ఒక్కొక్కళ్ళూ కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి ఒకటి తీసుకోవాలి. డబ్బున్నవాణ్ణనీ, మొన్ననే ఆపరేషనయిందనీ అంటే కుదరదు. టోపీ పట్టుకున్న మనిషి అందరికన్నా ఆఖర్న తీసుకోవాలన్నది కూడా ఆమె పెట్టిన నియమమే. ఎందుకో గానీ ఆఖరికి మిగిలేది తరచుగా స్తంభమే అయ్యేది.

"మళ్ళీ నీకేనా మురియెల్?" అని జాలిపడేవాడు వాల్టర్ గ్రిమ్‌షా. రిటైరైన పోస్ట్‌మాన్, బీరువా అంత మనిషి.

"పోనీలే వాల్టర్. స్తంభం ఉన్నచోటు నుంచి కదలదు. మన డిఫెండర్లూ కదలరనుకో, కానీ దీనికి జీతం ఇవ్వక్కర్లేదు."

ఇలా ఎవరికీ ఫిర్యాదు లేకుండా సాగిపోతున్న రోజుల్లో మా క్లబ్బులోకి న్యాయం ప్రవేశించింది. కొత్త యజమాని వచ్చాడు. ఆయన వెంట జూలియన్ లోమాక్స్ అనే కుర్రవాడు 'అభిమానుల అనుభూతి విభాగం' అధిపతిగా వచ్చాడు. అంతవరకు మాకు అనుభూతులుండేవి గానీ వాటికొక విభాగం ఉండేది కాదు. పరాయి ఊరి టిక్కెట్లు ఇకమీదట పాయింట్ల ప్రకారం ఇస్తామని అతను సభ పెట్టి చెప్పాడు. కంప్యూటరులో కొన్న ప్రతి టిక్కెట్టుకూ కొన్ని పాయింట్లు. పాయింట్లు ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ విశ్వాసపాత్రుడు. పెద్ద మ్యాచ్ వచ్చినప్పుడు టిక్కెట్లు ముందు వాడికే. గోడ మీద బొమ్మలు వేసి మరీ చూపించాడు. బాణం గుర్తులు చాలా బాగున్నాయి.

మురియెల్ చెయ్యెత్తింది. "బాబూ, మరి ఇంతకుముందు వెళ్ళిన మ్యాచ్‌ల సంగతేంటి?"

"వాటికి రికార్డు లేదండీ. గేటు దగ్గర నగదు ఇచ్చి వెళ్ళేవారు కదా."

"రికార్డెందుకు, నేనున్నాగా ఇక్కడ."

"మీరున్నారండీ. కానీ మీరు రికార్డు కాదు కదా."

కంప్యూటరు రాకముందు బ్రాకెన్‌షా నుంచి ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదని ఆ రోజు తేలింది. మురియెల్ సున్నా దగ్గర నిలబడింది. ఆమె పక్కనే, అదే సున్నా దగ్గర, గోర్డన్ హిండిల్ కూడా నిలబడ్డాడు. అతనికి బజారులో ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసు ఉంది. పరాయి ఊళ్ళో మ్యాచ్ చూసిన పాపాన ఎన్నడూ పోలేదు. సమానత్వమంటే అదే.

నిబంధనలను శ్రద్ధగా చదివినవాడు మా ఊరు మొత్తంలో హిండిల్ ఒక్కడే. టిక్కెట్టు కొంటే పాయింట్లు వస్తాయని రాశారు. వెళ్ళాలని ఎక్కడా రాయలేదు. అతను ప్రతి పరాయి మ్యాచ్‌కూ టిక్కెట్టు కొన్నాడు, కొని సొరుగులో వేశాడు. తనకూ, భార్యకూ, ఫుట్‌బాలంటే పడని ఇద్దరు కొడుకులకూ. సోఫా దిగకుండా దేశమంతా తిరిగాడు. మూడు సీజన్లు తిరిగేసరికి విశ్వాసపాత్రుల పట్టికలో హిండిల్ కుటుంబం మొదటి వరసలో వెలిగిపోయింది. మా బస్సువాళ్ళం, కంప్యూటరుతో కుస్తీపడి కొన్నా, వానలో తడిసి సంపాదించిన పాయింట్లతో వాళ్ళ వెనకాల ఎక్కడో ఉన్నాం. అయినా ఏదైనా పెద్ద మ్యాచ్ వస్తే మాకూ అందేటంత దూరంలోనే.

ఆ పెద్ద మ్యాచ్ వచ్చింది. దేశమంతా ఆడే కప్పు పోటీలో మా జట్టు, పొరపాటున అనే అనుకోవాలి, చివరి ఎనిమిది జట్లలోకి చేరింది. ఆడాల్సింది లండన్‌లో, ఒక మహా క్లబ్బు మైదానంలో. మా జట్టు అంతదూరం వెళ్ళడం అంతకుముందు ఒక్కసారే జరిగింది. అప్పుడు మురియెల్ చిన్నపిల్ల. వాళ్ళ నాన్న మిల్లులో పని. ఆయనకు ఒకే ఒక్క టిక్కెట్టు దొరికింది. గుమ్మంలో ఏడుస్తున్న కూతురికి "ఏడవకమ్మా, వచ్చేసారి నిన్ను పంపిస్తా" అని చెప్పి వెళ్ళాడు. తర్వాత ఆయన పోయాడు, మిల్లు పోయింది, మిల్లు ఎదుట రొట్టెల అంగడి నాలుగు చేతులు మారి గోళ్ళకు రంగులు వేసే దుకాణమయింది. వచ్చేసారి మాత్రం రాలేదు. ఇదిగో, ఇప్పుడొచ్చింది.

"నాన్న ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడ్రా వాల్టర్. కాస్త నిదానం మనిషి, అంతే" అంది మురియెల్. ఆ వారమంతా ఆమె నడక మారిపోయింది. లండన్ కోసం కొత్త కోటు కొనుక్కుంది. మోకాళ్ళ సంగతే మరిచిపోయింది.

టిక్కెట్ల అమ్మకం మొదలవబోయే ముందు, మధ్యలో ఒక మంగళవారం, తూర్పు సముద్రతీరాన ఒక మామూలు లీగ్ మ్యాచ్ పడింది. కుండపోత. మాకు కేటాయించిన టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయని క్లబ్బు గొప్పగా ప్రకటించింది. వెళ్ళి చూస్తే సగానికి పైగా సీట్లు ఖాళీ. ఆ ఖాళీ సీట్లలో హిండిల్ కుటుంబం సీట్లు నాలుగూ మా కళ్ళెదుటే నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయి. మురియెల్ యథాప్రకారం స్తంభం వెనక ఉంది. ఆ రోజే, క్లబ్బు పంపిన తనిఖీ కుర్రాడొకడు ముక్కు తుడుచుకుంటూ ఆమె దగ్గరకొచ్చి టిక్కెట్టు చూపించమన్నాడు.

దాన్ని రెండుసార్లు చదివి, ఆమెను ఎగాదిగా చూశాడు.

"మీరు... వాల్టర్ గ్రిమ్‌షా గారా?"

"ఈ సాయంత్రానికి అవును నాయనా."

"ఇది మీ పేరు కాదు కదండీ?"

"ఆ పేరు అదిగో, పై వరసలో, గొడుగు కింద శాండ్‌విచ్ తింటోంది చూడు. ఆ బీరువా లాంటి మనిషి. ఆయనకివాళ మంచి సీటు పడింది."

"అంటే టిక్కెట్లు చేతులు మార్చుకున్నారా?"

"మార్చుకోలేదు, చీటీలు తీశాం. ఎప్పుడూ తీస్తాం. నువ్వూ తీస్తావా? వచ్చే మ్యాచ్‌కి రా."

కుర్రాడు నవ్వలేదు. రాసుకున్నాడు. వాల్టర్ దగ్గరకు వెళ్ళబోతే మురియెల్ అతని చెయ్యి పట్టుకుని ఆపి, "అల్లరంతా నాదే, ఆయన్ని తిననీ" అంది. చలికి వణికిపోతున్న అతనికి కూడా ఒక పేరుతో సరిపోయింది.

నాలుగో రోజున మురియెల్‌కు ఉత్తరం వచ్చింది. దళసరి కాగితం, రెండు పేజీలు. ఆమె టిక్కెట్ల దుర్వినియోగానికి పాల్పడింది. ఆమె పాయింట్లన్నీ రద్దు చేశారు. లండన్ మ్యాచ్‌కు టిక్కెట్టు కొనే అర్హత లేదు. అందరికీ న్యాయం జరగాలన్నదే క్లబ్బు ఆశయమట. ఆ మాట రెండు పేజీల్లో మూడుసార్లు వచ్చింది. మంగళవారం రాత్రి వానలో ఖాళీగా ఉన్న సీటు విశ్వాసపాత్రం. ఎందుకంటే దాని మీద పేరు సరిగ్గా ఉంది. తడుస్తూ కూర్చున్న మనిషి మోసగత్తె. నేను చాలా పుస్తకాలు చదివాను గానీ ఇంత శుభ్రమైన తర్కం ఎక్కడా ఎదురుపడలేదు.

మురియెల్ ఆ ఉత్తరాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. కొత్త కోటు విప్పి పాత కోటు వేసుకుంది. దాంతో మూడో బస్సుకు విషయం అర్థమైంది.

ఇక్కడ మా ఊరివాళ్ళు మాత్రమే చేయగలిగిన తెలివితక్కువ పని ఒకటి జరిగింది. నిజం చెబితే పనవుతుందని నమ్మడం. "ఆవిడొక్కతే చేసిందా? అందరం చేశాం. ఆ మాట వెళ్ళి చెబితే, అది మోసం కాదు, ఆచారమని వాళ్ళకి తెలుస్తుంది" అన్నాడు వాల్టర్. అందరికీ సబబుగానే తోచింది. మురియెల్‌కు చెప్పకుండా, మూడో బస్సు మొత్తం మంచి బట్టలు కట్టుకుని, వరసగా అనుభూతి విభాగానికి నడిచాం.

జూలియన్ లోమాక్స్ చాలా మర్యాదస్తుడు. అందరికీ కుర్చీలు వేయించాడు. సరిపోకపోతే తను నిలబడ్డాడు.

"బాబూ, ఆ రోజు మురియెల్ చేతిలో ఉన్న టిక్కెట్టు నాది. నా చేతిలో ఉన్నది ఈ మేబెల్‌ది. మేబెల్ చేతిలో ఉన్నది ఈ ప్రొఫెసరుది. ఎప్పుడూ అంతే. ఇందులో తప్పుంటే అందరిదీను" అన్నాడు వాల్టర్.

"అందరూ అంటే... ఇక్కడున్న అందరూనా?"

"ఒక్కళ్ళు తక్కువ కాదు."

జూలియన్ కళ్ళు చెమర్చాయి. "ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదండీ. క్లబ్బు తరఫున కృతజ్ఞతలు. దయచేసి మీ మీ పాయింట్ల కార్డులు ఒకసారి ఇస్తారా?"

మురియెల్‌ను వదిలేయడానికే అడుగుతున్నాడనుకున్నాం. జేబులు తడుముకుని ఇచ్చాం. కార్డు దొరక్కపోతే మేబెల్ పాపం ఇంటికి పరిగెత్తి మరీ తెచ్చింది. సోమవారానికి ఇంటింటికీ దళసరి కాగితం మీద ఉత్తరం అందింది. ఒకరిని శిక్షించి మిగిలినవారిని వదిలితే న్యాయం కాదు కదా. మాకు రావలసిన లండన్ టిక్కెట్లన్నీ పట్టికలో తర్వాతివాళ్ళకు వెళ్ళాయి. హిండిల్ ఇంటికి బావమరిది పేరున ఇంకొకటి అదనంగా చేరింది.

సంగతి తెలిసి మురియెల్ వాల్టర్ ఇంటికే వచ్చింది. మేమంతా అక్కడే ఉన్నాం, తలలు వంచుకుని టీ తాగుతూ.

"ఎవడు వెళ్ళమన్నాడ్రా మిమ్మల్ని?"

"నీకోసమేగా మురియెల్..."

"నాకోసం! నేనొక్కదాన్నే కదరా మునిగింది? మీరు వెళ్ళొచ్చి ఎలా ఆడారో చెబుతారనుకున్నాను. ఇప్పుడు నాకు చెప్పడానిక్కూడా ఎవడూ లేకుండా చేశారు. హిండిల్‌ని అడగనా? వాడికి బంతి గుండ్రంగా ఉంటుందని తెలుసా అసలు?"

"తెలిసే ఉంటుంది. బొమ్మల్లో చూసుంటాడు" అంది మేబెల్.

మురియెల్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే కాసేపు కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఒక టీ తాగి, పంచదార ఎక్కువైందని తిట్టి వెళ్ళిపోయింది.

ఊరి పత్రికలో చిన్న వార్త పడింది. మూడో బస్సు మొత్తానికి నిషేధం అని. క్లబ్బుకు సిగ్గేసిందని నేననను, కానీ ఫోటోలో ముసలివాళ్ళం బాగా పడ్డాం. మ్యాచ్‌కు రెండు రోజుల ముందు జూలియన్ స్వయంగా మురియెల్ ఇంటికి వచ్చి ఒక కవరు ఇచ్చాడు. అందులో లండన్ మ్యాచ్‌కు టిక్కెట్టు ఒకటి. నిబంధన నిబంధనే గానీ ఇది సద్భావనట. క్లబ్బు పెద్దలు తమ అతిథులకిచ్చే రకం అది. దళసరి అట్ట, బంగారు అంచు. దాని మీద ఎవరి పేరూ లేదు. పేరు అభిమానులకే అవసరం. అతిథులు ఎవరైనా కావచ్చు.

"ఒక ఫోటో తీసుకుందామా?" అని అడిగాడట జూలియన్.

"నా స్తంభంతో తీసుకో నాయనా, కదలకుండా నిలబడుతుంది" అని తలుపేసిందట.

ఆ శనివారం మూడో బస్సు లేదు. ఎక్కేవాళ్ళు లేరు కనక రద్దు చేశారు. అయినా, పళ్ళు ఊడినా నాలుక అక్కడికే పోయినట్టు, అందరం కోఆపరేటివ్ స్టోరు వెనక బస్సు ఆగే చోటికి వచ్చాం. వాల్టర్ ఫ్లాస్కు కూడా తెచ్చాడు. హిండిల్ కుటుంబం కారు మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళింది. వెనక సీట్లో పిల్లలిద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

మురియెల్ వచ్చింది. కొత్త కోటు వేసుకుంది. చేతిలో కూజా టోపీ ఉంది.

"టిక్కెట్టు ఒకటే ఉంది. మనం ఇంతమందిమి ఉన్నాం. పేరు లేదు కాబట్టి ఎవరైనా వెళ్ళొచ్చు" అంది. తనకొచ్చిన ఉత్తరాన్ని టిక్కెట్టు కొలతకు చీటీలుగా కత్తిరించి టోపీలో వేసింది. మాలో మనిషికొక చీటీ, వాటి మధ్య ఆ టిక్కెట్టు.

"పిచ్చా నీకు? అది నీది" అన్నాడు వాల్టర్.

"ఏం, ఇవాళ కొత్తగా నాది నీది అంటున్నావు? తియ్యి. లండన్ బండి ఇంకో అరగంటలో ఉంది."

"మురియెల్, మీ నాన్న..."

"మా నాన్న లైనులోనే లేడు. తియ్యమన్నానా!"

వాల్టర్ కళ్ళు మూసుకుని ఆ పెద్ద చెయ్యి లోపల పెట్టాడు. మామూలుగా అయితే పెట్టి తీసేస్తాడు. ఆ రోజు లోపల చాలాసేపు వెతికాడు, ఉత్తరాలు సర్దుతున్నట్టుగా. ఒక చీటీ పైకి తీశాడు. "ఖాళీ" అన్నాడు. తర్వాత మేబెల్ పెట్టింది. ఆమెకూ సమయం పట్టింది, ఖాళీ. ఆ తర్వాతివాళ్ళకూ ఖాళీయే. వరస నా దగ్గరికి వచ్చింది. లోపల ఉన్ని వెచ్చగా ఉంది. వేళ్ళకు కాగితాలు తగిలాయి, వాటి మధ్య అట్ట గట్టిగా, చల్లగా తగిలింది. అంచు ఎత్తుగా ఉంది, గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. నేను కాగితమే తీశాను. 'అందరికీ న్యాయం' అన్న మాటలో సగం నా చీటీ మీద వచ్చింది.

నా వెనక ఇంకా పదిమంది దాకా ఉన్నారు. ఒక్కొక్కళ్ళూ లోపల వెతికారు, ఒక్కొక్కళ్ళూ ఖాళీ అన్నారు. ఆ మొహాలు చూస్తే నాకు భయమేసింది. అబద్ధమాడడం ఎవరికీ సరిగ్గా రాదు. ఇన్నేళ్ళలో ఆ టోపీలో మా చేతులు దొంగతనం చేయడం అదే మొదటిసారి. అందరం ఒకరికొకరం చెప్పుకోకుండానే చేశాం.

ఆఖర్న, నియమం ప్రకారం, టోపీ పట్టుకున్న మనిషి వంతు. మురియెల్ చెయ్యి పెట్టింది. లోపల ఒకటే ఉంది. దాన్ని పైకి తీసి చూసింది. తర్వాత మమ్మల్ని చూసింది, ఒక్కొక్కళ్ళనూ వరసగా. ఈతకొలను కిటికీలోంచి, లైను మధ్యలో దూరినవాణ్ణి ఎలా చూసేదో అలా. వాల్టర్ తన ఫ్లాస్కు మూత అదే పనిగా తిప్పుకుంటున్నాడు. మేబెల్ ఆకాశంలోకి చూసి "వాన వచ్చేట్టుంది" అంది. ఎండ కాస్తోంది.

ఏదో అంటుందనుకున్నాం. తిడుతుందనుకున్నాం. ఆ టిక్కెట్టు మళ్ళీ లోపల వేసి, ఈసారి సరిగ్గా తీయమంటుందేమోనని నాకు నిజంగానే అనిపించింది. చెయ్యి ఒకసారి టోపీ వైపు వెళ్ళింది కూడా.

స్టేషను వైపు నుంచి బండి కూత వినబడింది.

ఆమె టిక్కెట్టును కోటు లోపలి జేబులో పెట్టుకుంది. ఖాళీ టోపీని దులిపి తలకు పెట్టుకుంది. కూజా పిడికీ కొమ్ముకీ వదిలిన రంధ్రాల్లోంచి చెవులు రెండూ బయటికొచ్చాయి. ఎవరూ నవ్వలేదు. పొట్టి మనిషి, మోకాళ్ళు ఇవాళ ఏమీ అననట్టు, కోఆపరేటివ్ స్టోరు మూల దాకా గబగబా నడిచి, వెనక్కి చూడకుండా, వెళ్ళొస్తానని కూడా అనకుండా, మలుపు తిరిగింది.